కూర్చుని చేసే పని

పోయిన వారం డాక్టర్ ఇష్రత్‌ను ధర్మవరంలో ఒక నేత ఇంటి గడప ముందు, చెప్పులు విప్పుతుండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. లోపలికి పంపే ముందు, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

ఇష్రత్ హిందూపురంలో ఎముకల డాక్టరు. పెనుకొండలో పరుపులు కుట్టే మాబుసాబ్ కూతురు. మోకాలికి రెండు చిన్న చిల్లులు పెట్టి, ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పనిముట్టు పోనిచ్చి, టీవీలో చూస్తూ లోపలి దెబ్బను బాగుచేయడంలో ఆమెది గొప్ప చెయ్యి. ఆమెకు మోకాలంటే ఏమిటో నేర్పిన గురువు పెనుకొండ డాక్టర్ పోతులయ్య. ఆయనది పాత పద్ధతి. కోసి, తెరిచి, కంటితో చూసి చేస్తాడు. రెండేళ్ళ కిందట డాక్టర్ల సభలో అందరి ముందూ "సార్, కోసి తెరిచే కాలం అయిపోయింది" అనేసింది ఇష్రత్. ఆయన ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇక నాగలక్ష్మి. ముప్పై మూడేళ్ళ మనిషి. ఆ వీధిలో అంచును వేరే రంగులో కలిపి నేసే కుట్టు అంచు చీర కావాలంటే ముందు ఆమె పేరే చెబుతారు. ఎనిమిది నెలల కిందట చెన్నేకొత్తపల్లిలో బస్సు దిగుతూ జారింది. కుడి మోకాలు మెలిపడి, లోపల తొడ ఎముక చివరన ఉండే గుజ్జులో చిన్న పెచ్చు ఊడింది. ఇష్రత్ చిల్లుల పద్ధతిలో ఆపరేషన్ చేసింది. ఊడిన చోట ఎముకకు సన్నని రంధ్రాలు పెడితే రక్తం ఊరి, గడ్డకట్టి, నెమ్మదిగా కొత్త గుజ్జు పెరుగుతుంది. పెరగాలి. కానీ మూడో నెలకే మోకాలు మళ్ళీ వాచింది. ఫిల్ము తీస్తే కొత్త గుజ్జు లేదు సరికదా, ఊడిన చోటు రెండింతలైంది. ఎందుకో ఇష్రత్‌కు అంతుపట్టలేదు. ఆ 'ఎందుకు' వెతుక్కుంటూ ఆదివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ధర్మవరం వచ్చింది.

ఇప్పుడు లోపలికి వెళ్దాం.

పడసాలలో నాగలక్ష్మి మామ మార్కండేయులు రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు చుడుతున్నాడు. నలభై ఏళ్ళు మగ్గం నేసినవాడు. కళ్ళకు మసక వచ్చాక మగ్గం కోడలికి అప్పజెప్పాడు. కొడుకు రవితేజ చీరలు పట్టుకుని బెంగళూరు తిరుగుతాడు. ఆ ఇంట్లో నేసే కాళ్ళూ చేతులూ ఇప్పుడు నాగలక్ష్మివి మాత్రమే. ఆ మోకాలు బాగుకాకపోతే ఆ మగ్గం ఆగిపోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మార్కండేయులు తలెత్తి చూశాడు. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"డాక్టరమ్మా, మీరా. ఇంతదూరం వస్తిరే. ఆడ చేసింది చాల్లేదా?"

"ఇంటికొచ్చిన మనిషిని ముందు కూచోమనల్ల," అని లోపలినుంచి తిప్పమ్మ గొంతు వినిపించింది. ఆయన భార్య. కాసేపటికి ఆమె మజ్జిగ గ్లాసు తెచ్చి ఇష్రత్ చేతికిచ్చి, మొగుడి వైపు ఒక చూపు చూసి పోయింది.

ఆ చూపు పనిచేసినట్టు లేదు. "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు," అన్నాడు ఆయన. "పడుగులో ఒక పోగు తెగితే మగ్గం ఇప్పము. ఆ ఒక్క పోగు పట్టుకొని అతుకుతాము. మీ చిల్లుల పని అట్లాంటిదే అనుకుంటిమి, ఒప్పుకుంటిమి. కానీ తెగింది ఒక పోగా, నూరు పోగులా అని ముందు నిమ్మళంగా చూసుకోవల్ల గదా. మీరు సందులోనుంచి చూసి పని కానిచ్చినారు. తెరిచి చూసింటే ఇట్ల అయ్యేదా? పోతులయ్య డాక్టరైతే తెరిచి చూస్తాడంట."

ఇష్రత్‌కు ఉక్రోషం వచ్చింది. రాదా మరి. పదేళ్ళుగా చేస్తున్న పనిని సందులోనుంచి తొంగి చూడటం అంటే ఎవరికైనా వస్తుంది. కానీ గొంతు పెంచలేదు.

"పెద్దాయనా, ఆ కెమెరాలో కంటికంటే పెద్దగా కనపడతాది. ఊడిన చోటు గోరంత ఉండె. అంత చిన్నదానికి మోకాలు తెరిస్తే నొప్పి ఎక్కువ, కాలు బిగుసుకుపోయే భయం ఎక్కువ. చిల్లుల్లోనుంచి చేస్తే రెండోరోజు ఇంటికి పోవచ్చు. అందుకే అట్ల చేసినా. సరిగ్గానే చేసినా. అయినా ఎందుకు పెరగలేదో నాకు తెలీలే. తెలుసుకుందామనే వచ్చినా."

లోపల అంతసేపూ టకటకమంటున్న మగ్గం ఆగింది.

"మేడమ్, ఈడికే రాండి," అని నాగలక్ష్మి పిలిచింది. "నేను లేచి వచ్చేసరికి చానాసేపు పడతాది."

ఇష్రత్ లోపలి గదిలోకి వెళ్ళింది. మగ్గం మీద నెమలికంఠం రంగు చీర సగం దాకా వచ్చింది. దాని వెనక నాగలక్ష్మి నేల మీద కూర్చుని నవ్వుతోంది. నడుము కిందనుంచి ఆమె కనపడలేదు. కాళ్ళు రెండూ మగ్గం కింద తవ్విన గుంతలో ఉన్నాయి. ఇష్రత్ వంగి గుంతలోకి చూసింది. నాగలక్ష్మి కుడికాలు ఒక వెడల్పాటి చెక్క మీద ఉంది. ఆ చెక్కకు కట్టిన తాడు పైదాకా పోయి, దూలానికి బిగించిన జాకార్డు పెట్టెకు తగులుకుంది. చీరలో బుటా రావాలంటే ఆ పెట్టె పైకి లేవాలి. పెట్టె లేవాలంటే కింద ఆ చెక్కను తొక్కాలి.

ఇష్రత్ మజ్జిగ గ్లాసు కిటికీలో పెట్టింది.

"ఆపరేషన్ అయినాక మగ్గంలోకి ఎప్పుడు దిగినావు?"

"పదమూడో రోజు మేడమ్," అంది నాగలక్ష్మి. ఆ గొంతులో ఒక మంచి పిల్ల బడిలో పాఠం ఒప్పజెప్పే ఉత్సాహం ఉంది. "మీరు కుట్లు ఇప్పినారు చూడు, ఆ మర్నాడే. మా ఆయన ఆ ఆరు వారాలు బెంగళూరు పోకుండా ఉండి, ఎత్తుకొచ్చి ఈడ కూచోబెడతాండె. మల్ల సాయంత్రం ఎత్తుకొని పోతాండె. నీళ్ళకు గూడా నేల మీద కాలు ఆనించలా మేడమ్, ఒక్క పూట గూడా. ఆరు వారాలు నిలబడొద్దు, నడవొద్దు, కూచ్చొని చేసే పనైతే చేసుకో అన్నారు గదా. కూచ్చొనే చేసినా."

ప్రతి చెకప్‌లోనూ ఇష్రత్ అడిగింది, కాలు కింద పెట్టలేదు కదా అని. ప్రతిసారీ నాగలక్ష్మి లేదు మేడమ్ అంది. అందులో అబద్ధం ఒక్క వీసం లేదు. ఆసుపత్రి కాగితంలో వృత్తి అన్న చోట ఇష్రత్ తన చేత్తోనే రాసింది: నేత, కూర్చుని చేసే పని. రాసి, లెక్కలు రాసుకునేవాళ్ళకూ కొట్టువాళ్ళకూ చెప్పే జాగ్రత్తలే చెప్పి పంపింది. తన నిఖాకు ధర్మవరం చీర కట్టుకున్న మనిషే. పుట్టిన ఊరినుంచి ఈ ఊరికి గంట ప్రయాణం కూడా లేదు. అయినా ఆ చీర కాలితో కూడా నేస్తారని ఆమెకు తెలియదు. ఎన్నడూ మగ్గం చూసింది లేదు.

"రొంత జరుగు నాగలక్ష్మీ. నేను దిగి చూస్తా," అంది.

మార్కండేయులు ద్వారం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "కాళ్ళు కడుక్కోని దిగల్లమ్మా మగ్గంలోకి," అన్నాడు ముక్తసరిగా. అది ఆ ఇంటి ఆనవాయితీ, ఎవరికైనా ఒకటే. ఇష్రత్ పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కుని, చీర కొంగుతోనే తుడుచుకుని వచ్చింది. నాగలక్ష్మి రెండు చేతులూ నేలకు ఆనించి, కుడికాలు వంచలేక పక్కకు చాపుకుని, తనను తాను పైకి లాక్కుంది. పైకి రావడానికి ఆమె పడిన అవస్థ ఇష్రత్ కళ్ళతో చూసింది. తర్వాత ఆమె చోట కూర్చుని గుంతలోకి కాళ్ళు జార్చింది.

మొదటిసారి తొక్కితే చెక్క కదలలేదు.

"మడమతో కాదు మేడమ్, పాదం అంతా పెట్టండి. తొడలోనుంచి బలం రావాల," అంది నాగలక్ష్మి.

ఈసారి నడుము వాల్చి, పళ్ళు బిగించి తొక్కింది. పైన పెట్టె గడక్‌మని లేచింది. నాగలక్ష్మి పక్కనుంచి అడ్డపోగు ఉన్న నాడె విసిరి, ఆ పోగును దగ్గరికి కొట్టి, "ఇంగోసారి" అంది. ఇష్రత్ ఇంకోసారి తొక్కింది. మళ్ళీ ఇంకోసారి. ముప్పై తొక్కేసరికి తొడ అదిరింది. నలభైకి మోకాలి చిప్ప వెనక సన్నగా నొప్పి మొదలైంది. చీర మీద చూస్తే ఆ నలభై తొక్కులకు వచ్చిన గుడ్డ వేలెడు వెడల్పు లేదు.

"దినానికి ఇట్ల ఎన్ని?"

"ఎవురు లెక్కబెట్టినారు మేడమ్. మూడువేలకు తక్కువుండవు."

ఇష్రత్ లేవలేదు. గుంతలోనే కూర్చుని తన కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయింది. పాల మీద మీగడ కట్టేంత పలచన, ఆ కొత్త గుజ్జు. ఆరు వారాలు బరువు పడకుండా ఉంటే గాని గట్టిపడదు. దాని మీద పదమూడో రోజునుంచి రోజుకు మూడువేల దెబ్బలు. పద్ధతి ఓడిపోలేదు, చెయ్యి తప్పలేదు. తెరిచి చేసినా ఇదే జరిగేది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ గుంతలోనుంచి బయటపడటానికి ఇష్రత్‌కు తేలిక దారులు చాలా ఉన్నాయి. పేషెంటు మాట వినలేదు అనొచ్చు. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని దబాయించొచ్చు. ఆసుపత్రికి పోయి కాగితం మీద ఇంకో ముక్క చేర్చుకోవచ్చు. ఆ మూడూ చేసిన డాక్టర్లను మీరూ నేనూ చూసే ఉంటాం. అందుకే ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆమె తలెత్తి నేరుగా మార్కండేయులు వైపు చూసింది.

"పెద్దాయనా, తప్పు నాది. నాగలక్ష్మి నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. కూచ్చొని చేసే పని అని రాసినా గాని, అది ఎట్లా పనో నేను అడగలా, చూడలా. అడిగింటే ఆరు వారాలు మగ్గం ముట్టొద్దని చెప్పిందును. ఆమె కాలు ఇట్ల కావడానికి నేనే కారణం."

మార్కండేయులు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. డాక్టరు నోట ఈ మాట వింటానని ఆయన అనుకోలేదు. దెబ్బలాటకు దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

"మేము గూడా చెప్పలా," అన్నాడు చివరికి. "మాకు ఇది పనిగా తోచదమ్మా. కాళ్ళు వాటంతట అవి తొక్కుతాంటాయి. చెప్పల్లని ఎవురికి తోస్తాది." అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. అయ్యిందేమో అయ్యింది. మల్ల మీ చేత్తోనే చెయ్యండి, ఆ చిల్లులతోనే. ఈసారి మీరు చెప్పేదాకా మగ్గం ముట్టదు. అది నా పూచీ."

ఇష్రత్ గుంతలోనుంచి పైకి వచ్చి నాగలక్ష్మి పక్కన కూర్చుంది.

"ఈసారి చిల్లులు చాలవు. తెరవాల."

మామా కోడళ్ళు మొహాలు చూసుకున్నారు. ఇంతసేపూ తెరవమని పోట్లాడినవాడు ఇప్పుడు చిల్లులు చాలన్నాడు. చిల్లుల డాక్టరేమో తెరవాలంటోంది.

"మా నాయన పరుపులు కుడతాండె," అంది ఇష్రత్. "పరుపులో దూది ఉండ కడితే కుట్టు ఇప్పేవాడు కాదు. పొడుగు సూది పైనుంచే దూర్చి ఉండను చెదరగొట్టేవాడు. అదే ఒక చోట దూది చివికి గుంట పడిందనుకో, అప్పుడు పక్క కుట్టు ఇప్పేవాడు. కొత్త దూది పెట్టి, చుట్టూ ఉన్న దూదికి సమానంగా ఉందా లేదా అని అరచెయ్యి ఆనించి చూసుకొని మల్ల కుట్టేవాడు. నీ మోకాలు మొదట ఉండ కట్టిన పరుపు. ఇప్పుడు గుంట పడిన పరుపు." నాగలక్ష్మి మోకాలి మీద వేలితో రూపాయి బిళ్ళంత చుట్టు గీసింది. "ఇంత ఊడింది. ఇదే మోకాల్లో బరువు పడని ఓరన మంచి గుజ్జు ఉంటాది. దాన్ని ఎముకతో పాటు బలపం ముక్కల మాదిరి మూడు నాలుగు తీసి ఈడ నాటాల. ఒక్కోటీ నిట్టనిలువుగా దిగాల, చుట్టూ ఉన్నదానికి సమంగా ఉండాల. రవ్వంత ఎత్తయినా, పల్లమైనా మల్ల అరిగిపోతాది. ఒక ముక్కయితే చిల్లులోనుంచి నాటుదును. నాలుగంటే తెరిచి, ఎదురుగా చూసి, వేలితో తడిమి నాటాల. నొప్పి ఎక్కువే. ఆసుపత్రిలో నాలుగైదు రోజులు ఉండాల. కాలు మల్ల ఇట్ల గుంతలోకి దించేంత వంగడానికి నెలలు పడతాది. అన్నీ ముందే చెప్తాండా."

నాగలక్ష్మి ఒక్క మాటే అడిగింది. "మల్ల నేస్తానా?"

"అందుకోసమే తెరవడం."

మార్కండేయులు పడసాలలోకి పోయాడు. కండెల డబ్బా అడుగునుంచి ఒక కవరు తీసుకొచ్చి ఇష్రత్ ముందు పెట్టాడు. మొహం ఆమెకు చూపించలేకపోయాడు.

"శుక్రారం పెనుకొండకు పోయింటిమి. పోతులయ్య డాక్టరు కాడికి. తెరవమంటే నేను తెరవనన్నాడు. ఇది మీకియ్యమన్నాడు. నాకు ఆయన మీదా కోపం, మీ మీదా కోపం. ఇయ్యలా."

ఇష్రత్ ఆ చేతిరాత చూసింది. పదిహేనేళ్ళ కిందట తన నోటు పుస్తకాల అంచుల్లో ఎర్ర సిరాతో తప్పులు దిద్దిన చేతిరాత. అప్పుడు ముత్యాల్లా ఉండేది. ఇప్పుడు ప్రతి అక్షరం తల మీద ఒక చిన్న వంకర ఉంది.

'ఇష్రత్, ఈ అమ్మాయి ఫిల్ములు చూశాను. నీ ఆపరేషన్‌లో నాకు తప్పు కనపడలేదు. అంత చక్కని చిల్లుల పని నేను చేయలేను. కానీ దీన్ని ఇప్పుడు తెరవాలి. అది నీకూ తెలుసు. నాకు ఫోన్ చేయడానికి మొహమాటపడుతూ ఉంటావు. నేను తెరవను. రెండేళ్ళుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. సభలో నువ్వు ఆ మాట అనడానికి కొన్ని రోజుల ముందే మొదలైంది. అందుకే ఆ రోజు బదులు చెప్పలేదు, కోపం వచ్చి కాదు. నా చేతిలో ఇంక కత్తి లేదు, నీకు తెలియకుండానే నిజం చెప్పావు. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. నువ్వు తెరువు. నేను పక్కన నిలబడతాను. పోతులయ్య.'

ఇష్రత్ ఉత్తరం రెండుసార్లు చదివింది. రెండోసారి చదవడానికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆయన మౌనాన్ని ఇన్నాళ్ళూ పొగరనుకుంది. తన మీద తనకే సిగ్గు వేసింది.

ఉత్తరంలో చెయ్యి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. "సార్ పక్కన నిలబడతారంట. నన్ను చెయ్యమన్నారు," అని మాత్రం అంది.

నాగలక్ష్మి ఆమె మొహం కాసేపు చూసింది. ఆ చూపు ఇందాకటి మంచి పిల్ల చూపు కాదు. పట్టులో లోపం ఎక్కడుందో వెతికే నేతగత్తె చూపు.

"ఇట్ల తెరిచి, ముక్కలు నాటింది ఎంతమందికి చేసినారు మేడమ్?"

ఇష్రత్ తప్పించుకోలేదు. "చదువుకునేటప్పుడు సార్ చేస్తాంటే పక్కన నిలబడి అందించింది ఆరుగురికి. నేనే నా చేత్తో చేసింది ఒక్కరికి గూడా లేదు. నువ్వే మొదలు. వద్దంటే బెంగళూరుకు రాసిస్తా. ఆడ దినామూ చేసేవాళ్ళు ఉండారు."

తిప్పమ్మ వంటింటి గడప మీదికి వచ్చి నిలబడింది. మార్కండేయులు కోడలి వైపు చూశాడు. నిర్ణయం ఆమెదే.

నాగలక్ష్మి మగ్గం మీది చీరను అరచేత్తో ఒకసారి నిమిరింది.

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు నేత రాదు మేడమ్. మొదటి చీర మా మామ పక్కన కూచ్చొని నేయించినాడు. ఎన్ని తప్పులు పోయినా నా చేతిలో నాడె ఆయన తీసుకోలా. ఊరికే చూస్తా కూచున్నాడు. ఆయన చూస్తాండాడని నా చెయ్యి నిలబడింది." మామ వైపు తిరిగింది. "మామా, మగ్గం మీద గుడ్డ కప్పు."

మార్కండేయులు పాత పంచె ఒకటి తెచ్చి, సగం నేసిన చీర మీద అంచులు సర్ది కప్పాడు. "ఎన్ని నెలలైనా ఇది ఇట్లే ఉంటాది," అన్నాడు. "చెయ్యి మారితే గుడ్డలో కనపడతాది. ఇంగొకరిని దిగనియ్యను."

ఇష్రత్ ఆ మనుషులను చూసింది. తన తప్పు తన నోటివెంటే విన్న తర్వాత కూడా కాలు తనకే అప్పజెబుతున్నారు. ఇంత నమ్మకానికి తను తగినదాన్నేనా అనిపించింది. గురువారం ఆసుపత్రికి రమ్మని చెప్పి లేచింది.

"ఒక మాట మేడమ్," అని నాగలక్ష్మి ఆపింది. "పోయినసారి నడుముకు సూదేసినారు, నాకు మెలకువగానే ఉండె. నా మోకాల్లో మీరేం చేస్తాండారో టీవీలో అంతా చూసుకుంటి. ఈసారి టీవీ ఉండదు గదా?"

"ఉండదు. నడుం కాడ పచ్చగుడ్డ అడ్డం కడతారు. నీకేం కనపడదు, భయం లేదు."

"ఆ గుడ్డ కట్టొద్దు," అంది నాగలక్ష్మి. "మొదటిసారి చేసేటోళ్ళ పక్కన చూసేటోళ్ళు ఉండల్ల. పెద్ద సారు మీ పక్కన నిలబడతాడు, సరే. ఆ కాలు నాది. మీరు తెరిచేటప్పుడు నేను గూడా చూస్తాండాల. అట్లయితేనే వస్తా."

ఇరవై ఏళ్ళ డాక్టరు చదువులోనూ కొలువులోనూ ఇష్రత్‌ను ఎవరూ ఈ కోరిక కోరలేదు. తన మోకాలిని కత్తితో తెరుస్తుంటే కళ్ళెదుట చూస్తానన్న మనిషి పక్కన ఆమె మళ్ళీ కూర్చుంది. నాగలక్ష్మి చూపు తిప్పకుండా జవాబు కోసం చూస్తోంది.